అప్పు అడిగితే బీమా చేతిలో పెట్టారు

కిందటి సంచికలో గృహరుణం వడ్డీ లెక్కలు రాస్తూ, మీ స్టేట్‌మెంటులో అప్పు మొత్తం పక్కన ‘ఇన్సూరెన్స్’ అనే మాట ఉందేమో ఒకసారి చూసుకోండి అని ఒక్క వాక్యం రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూశాక ఈ నెల వేరే విషయం జోలికి పోబుద్ధి కాలేదు. పాఠకులు తమ పేర్లు వేయవద్దన్నారు, వేయడం లేదు. బ్యాంకుల పేర్లు, బీమా కంపెనీల పేర్లు నేనే తీసేశాను. ఏ పేరు పెట్టి చదువుకున్నా కథ ఒకటే.

*

“నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా వారు ప్రైవేటు కంపెనీలో పని చేస్తారు. శ్రావణ మాసంలో ఇల్లు కొనడానికి ఇద్దరి పేరుతో 30 లక్షల అప్పు తీసుకున్నాం. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. సంతకాల రోజున ఆఫీసరు గారు ‘బీమా లేకుండా ఫైలు పైకి వెళ్లదమ్మా’ అన్నారు. ఎంత అవుతుందని అడిగితే ‘ఈఎంఐలో కలిసిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు’ అన్నారు. ఇప్పుడు స్టేట్‌మెంటు తీస్తే అప్పు 31,20,000 అని ఉంది. పైన ఉన్న 1,20,000 బీమా ప్రీమియమట. సర్టిఫికెట్ మా వారి మెయిల్‌కు వచ్చిందట, ఆయన చూసుకోలేదు. అయిదు నెలలైంది. ఆ డబ్బు వెనక్కి వస్తుందా?” — ఉపాధ్యాయురాలు, తెనాలి

అమ్మా, ఆఫీసరు అన్న మాటల్ని మీరు ఉన్నవి ఉన్నట్టు రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది అదే. ‘బీమా లేకుండా ఫైలు పైకి వెళ్లదు.’ ఫిర్యాదులోనూ ఇలాగే, ఒక్క అక్షరం మార్చకుండా రాయండి. ‘బలవంతంగా అంటగట్టారు’, ‘మోసం చేశారు’ లాంటి మాటలు ఫిర్యాదు చదివేవారికి ఏమీ చెప్పవు. ఆ గుమాస్తా రోజుకు యాభై మోసాలు చదువుతాడు.

ముందు ఆ ‘తెలియను కూడా తెలియదు’ సంగతి చూద్దాం. 1,20,000 రూపాయల్ని 9 శాతం వడ్డీకి 20 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1,080 కట్టాలి. 240 నెలలకు అది 2,59,000 దాటుతుంది. అంటే లక్షా ఇరవై వేల సరుకును మీరు దాదాపు రెండు లక్షల అరవై వేలకు, వాయిదాల మీద కొన్నారు. ప్రీమియం అప్పులో కలిపితే వచ్చే చిక్కు ఇదే: బీమా కంపెనీకి దాని డబ్బు మొదటి రోజే ముట్టింది, బ్యాంకుకు కమీషనూ ముట్టింది, ఆ పైన ఆ ప్రీమియం మీద వడ్డీ కూడా ఇరవై ఏళ్లు వస్తూనే ఉంటుంది.

బ్యాంకు బీమా అమ్మడం తప్పు కాదు. కార్పొరేట్ ఏజెంటుగా లైసెన్సు తీసుకుని అమ్ముతుంది. అయితే ఖాతాదారు బీమాలో చేరడం పూర్తిగా ఐచ్ఛికంగా ఉండాలని, బ్యాంకు ఇచ్చే సేవకూ బీమా కొనడానికీ నేరుగా గానీ చాటుగా గానీ ముడి పెట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీ ఆఫీసరు పెట్టింది సరిగ్గా ఆ ముడే. ఇక్కడ ఒక్క తేడా గమనించండి. ఇంటికి అగ్నిప్రమాదం వంటివాటి మీద బీమా ఉండాలని రుణ ఒప్పందంలో సాధారణంగా రాస్తారు. దాని ప్రీమియం చిన్నది. దాన్ని కూడా మీకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. మీ 1,20,000 అది కాదు. అది అప్పు తీసుకున్నవారి ప్రాణం మీద బీమా.

ఎవరి ప్రాణం మీద? సర్టిఫికెట్‌లో మొదట చూడవలసింది ఇదే. అప్పు ఇద్దరి పేరుతో, ఇల్లు నడిచేది ఇద్దరి జీతంతో, బీమా మాత్రం ఒక్క భర్త పేరుతో ఉన్న కాగితాలు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. భార్యకు ఏదైనా అయితే ఒక్క రూపాయి రాదు. తరువాత చూడవలసింది బీమా మొత్తం. ఇలాంటి పాలసీల్లో ఎక్కువ శాతం అప్పుతో పాటు తరిగిపోయేవి. మొదటి ఏడాది 30 లక్షలు, పదిహేనో ఏడు వచ్చేసరికి అందులో సగమూ ఉండదు. మూడోది, గడువు. అప్పు 20 ఏళ్లు, బీమా 5 ఏళ్లు అన్న విచిత్రం కూడా భూతద్దం పట్టుకుని చూస్తే కనిపిస్తుంది. నేను నిజంగానే భూతద్దం పట్టుకుని చదువుతాను, ఆ అక్షరాలు అంత చిన్నవి.

ఇక దారి. బ్యాంకుకు వెళ్లి అడగవద్దు. వెళితే కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, ‘చూస్తామమ్మా’ అంటారు, ఆ సంభాషణకు కాగితం మిగలదు. ఉత్తరం రాయండి, లేదా బ్రాంచి అధికారిక మెయిల్‌కు పంపండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు చాలు. రిజిస్టర్డు పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. ఒకటి బ్యాంకుకు, ఒకటి బీమా కంపెనీకి, ఒకే రోజున. మూడు కాగితాల నకళ్లు అడగండి: బీమా సర్టిఫికెట్, మీరు ఒప్పుకున్నట్టు చూపే దరఖాస్తు (సంతకమో, ఫోనుకు వచ్చిన ఓటీపీ నమోదో), అప్పు తాలూకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్.

ఈ మూడోది కొత్త ఆయుధం. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త టర్మ్ రుణాలన్నిటికీ, అంటే నిర్ణీత గడువులో తీర్చే అప్పులన్నిటికీ, ఈ పత్రం ఇవ్వాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి, వివరించినట్టు సంతకం తీసుకోవాలి. బీమా కోసం వసూలు చేసే సొమ్మును విడిగా చూపించాలి, దాన్ని కూడా కలుపుకుని అసలు ఏడాదికి ఎంత శాతం పడుతుందో చెప్పాలి. ఆ పత్రంలో లేని ఛార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా మీ నెత్తిన వేయకూడదు. మీ పత్రంలో ఆ 1,20,000 లేకపోతే మీ పని సగం అయిపోయినట్టే. ఉండి, కింద మీ సంతకం ఉంటే మాత్రం పని కష్టమవుతుందని ముందే చెబుతున్నాను. అప్పుడు మీకు మిగిలేది ఆఫీసరు అన్న మాట, ఆ రోజు మీ పక్కన ఉన్న మనిషి సాక్ష్యం, ఆ కాలంలో నడిచిన వాట్సాప్ సందేశాలు. వాటిని చెరిపేయకండి.

‘ఫ్రీ లుక్’ అనే మాట వినే ఉంటారు. బీమా పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల లోపు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. 2024కు ముందు చాలా పాలసీలకు ఇది 15 రోజులే ఉండేది. ఈ గడువులో తిరిగి ఇస్తే, గడిచిన రోజులకు తగిన ప్రీమియం, స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు మినహాయించి మిగిలినదంతా ఇవ్వాలి. కారణం గట్టిగా నిరూపించనక్కరలేదు. మీ విషయంలో అయిదు నెలలు గడిచాయి కాబట్టి ఈ తలుపు మూసినట్టే కనిపిస్తుంది. అయినా సర్టిఫికెట్ ఏ తేదీన, ఏ చిరునామాకు పంపారో రుజువుతో చూపించమని కంపెనీని అడగండి. మెయిల్ చిరునామాలో ఒక అక్షరం తప్పుపడి, ఎవరికో వెళ్లిన సందర్భాలు నాకు తెలుసు. అందనిదానికి గడువు ఎక్కడ మొదలవుతుంది?

నెల రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా కంపెనీ మీద బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. మీరు వెళ్లనక్కరలేదు, ఆన్‌లైన్‌లో వేయవచ్చు. ఫీజు లేదు, వకీలుకు ప్రవేశం లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. చాలామందిని కలిపి ఒకే పాలసీ కింద చేర్చే బృంద బీమా అయినా తీసుకుంటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. బ్యాంకు ప్రవర్తన మీద అయితే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. అక్కడా ముందు బ్యాంకుకు రాసి 30 రోజులు ఆగాలి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా వెళ్లాలి. సహాయానికి 14448కు ఫోను చేయవచ్చు. బీమా నియంత్రణ సంస్థ వారి ‘బీమా భరోసా’ పోర్టల్, 155255 నంబరు కూడా ఉన్నాయి, అయితే అవి మీ ఫిర్యాదును కంపెనీకి చేర్చి జవాబు రాబడతాయి, తీర్పు చెప్పవు. వీటన్నిటి తరువాత వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. రెండేళ్ల లోపు వేయాలి, మీ ఊరి పరిధిలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఒకేసారి రెండు చోట్ల మాత్రం వేయకండి. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. ఏ తేదీన సంతకాలు చేశారు, ఎవరి టేబుల్ దగ్గర, ఏ మాట అన్నారు, ఎంత సొమ్ము, ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు ఏం కావాలి. చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. ‘న్యాయం చేయగలరు’ అని రాస్తారు. ‘ప్రీమియం 1,20,000, దాని మీద ఇప్పటివరకు వేసిన వడ్డీతో సహా నా రుణఖాతాలో జమచేసి, ఈఎంఐ తగ్గించండి’ అని రాయండి. ఇలా ఎందుకు రాయమంటున్నానంటే, వెనక్కి వచ్చే డబ్బు సాధారణంగా పొదుపు ఖాతాకు రాదు, అప్పు ఖాతాకు పోతుంది. అక్కడ అది ఏం చేసిందో మీరు చూసుకోకపోతే ఈఎంఐ పాతదే నడుస్తూ ఉంటుంది.

ఇంత రాశాక ఒక మాట. రద్దు చేసుకునే ముందు మీ వారికి విడిగా టర్మ్ పాలసీ (ప్రాణం మీద మాత్రమే ఉండే మామూలు బీమా) ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు అది తీసుకోండి, చేతికి వచ్చాక దీన్ని వదలండి. ఆయనకు షుగరో, బీపీయో ఉంటే కొత్త పాలసీ సులభంగా దొరకకపోవచ్చు. అప్పుడు మిమ్మల్ని మోసపుచ్చి అమ్మిన ఈ బీమాయే మీకు పనికొచ్చేది కావచ్చు. అమ్మిన తీరు చెడ్డదైతే సరుకూ చెడ్డదని అనుకోవలసిన పని లేదు.

*

“2003లో గుంటూరు నుంచి నర్సుగా ఇంగ్లండు వచ్చాను. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలోనే ఇన్నేళ్లూ. 2005లో ఇక్కడి బ్యాంకులో 7,500 పౌండ్ల అప్పు తీసుకుంటే పీపీఐ అనే బీమా పేరుతో 1,600 పౌండ్ల దాకా కలిపారు. 2010లో తీర్చేశాను. నా తోటి నర్సులు ఇద్దరికి ఆ డబ్బు వెనక్కి వచ్చింది. నేను పట్టించుకోలేదు. పోయిన వారం ఒకరు ఫోను చేసి, నా పేర 2,900 పౌండ్లు మంజూరయ్యాయి, ప్రాసెసింగ్‌కు 180 పౌండ్లు కట్టమన్నారు. కట్టమంటారా?” — లెస్టర్, ఇంగ్లండు

కట్టకండి. ముందు ఇది చదివి, తరువాత మిగతాది చదవండి. మంజూరైన డబ్బు ఇవ్వడానికి ఎవరూ ముందుగా డబ్బు అడగరు. మీ బ్యాంకు ఖాతా వివరాలు వాళ్లకు చెప్పి ఉంటే ఇప్పుడే మీ బ్యాంకుకు ఫోను చేయండి.

ఇక మన పాఠకుల కోసం ఆ పీపీఐ కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే తెనాలి ఉత్తరంలోని కథే అక్కడ కోట్ల సార్లు జరిగింది. పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్. అప్పు తీసుకున్నవారికి ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా కొన్నాళ్లు వాయిదాలు బీమా కంపెనీ కడుతుంది. ఆలోచన మంచిదే. బ్యాంకులు దాన్ని అప్పులకు, క్రెడిట్ కార్డులకు, ఇంటి రుణాలకు తగిలించి అమ్మాయి. స్వయం ఉపాధి ఉన్నవారికి అమ్మారు, వారికి ఉద్యోగం పోవడం అనేదే వర్తించదు. రిటైరైనవారికి అమ్మారు. పాత జబ్బులున్నవారికి, ఆ జబ్బులకు పాలసీ వర్తించదని చెప్పకుండా అమ్మారు. మీలాంటి ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగులకూ అమ్మారు. మీకు సర్వీసును బట్టి జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఉంటుంది, అయిదేళ్ల సర్వీసు దాటితే ఆరు నెలలు పూర్తి జీతం, ఆరు నెలలు సగం జీతం. ఇక ఆ బీమాతో మీకున్న అవసరం ఎంత? అమ్మే ముందు ఆ ప్రశ్న వాళ్లు అడగలేదు. అడగకపోవడమే తరువాత వాళ్ల కొంప ముంచింది.

2005లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ దీని మీద ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు చేసింది. మీరు ఆ అప్పు తీసుకున్న ఏడాదే. మీకు చేసినట్టు ప్రీమియం మొత్తాన్ని ఒకేసారి అప్పులో కలిపే పద్ధతిని, హామీ లేని వ్యక్తిగత రుణాల విషయంలో 2009లో ఆపించారు. నష్టపరిహారం నిబంధనల మీద బ్యాంకులు కోర్టుకెక్కి 2011లో ఓడిపోయాయి. అక్కడి నుంచి మొదలైంది వరద. 2011 నుంచి లెక్కేస్తే బ్యాంకులు తిరిగి కట్టినది 3,800 కోట్ల పౌండ్లు దాటింది. ఫిర్యాదులకు ఆఖరి తేదీగా 2019 ఆగస్టు 29ని పెట్టారు. ఆ తేదీ గుర్తు చేయడానికి అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ వేయించిన ప్రకటనల్లో నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తలను మరబొమ్మగా చేసి, జనం మధ్య తిప్పి అరిపించారు. మీరు అది టీవీలో చూసే ఉంటారు. రిజర్వు బ్యాంకు ఇక్కడ అలాంటి పని చేస్తే మనం ఏ నటుడి తల పెట్టుకుంటామో అని ఆలోచించి ఒక సాయంత్రం గడిపాను.

మీ సంగతికి వస్తాను. ఆ తేదీ దాటింది కాబట్టి మామూలు ఫిర్యాదుకు దారి లేదు. 2019 ఆగస్టు 29కి ముందే ఫిర్యాదు చేసి ఉండి, దానికి జవాబు రాకుండా ఉండిపోతే అది వేరు. తీవ్రమైన అనారోగ్యం లాంటి అసాధారణ కారణం వల్ల చేయలేకపోతే, ఆ సంగతి చెప్పి అడగవచ్చు. మీరు ‘పట్టించుకోలేదు’ అని నిజాయితీగా రాశారు. అది అసాధారణ కారణం కిందకు రాదు.

మిగిలింది కోర్టు. దీనికి ఆధారం 2014 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లెవిన్ తీర్పు. ఆ కేసులో ఒక వితంతువు 34,000 పౌండ్ల అప్పు తీసుకుంటే బీమా ప్రీమియం 5,780 పౌండ్లు కలిపారు. అందులో 71.8 శాతం కమీషనే. చదివినప్పుడు నేను మళ్లీ వెనక్కి వెళ్లి ఆ అంకె చూశాను. వంద రూపాయల ప్రీమియంలో బీమాకు చేరింది ఇరవై ఎనిమిది చిల్లర. కమీషన్ ఇంత ఉందని దాచిపెట్టడమే ఆ రుణ సంబంధాన్ని అన్యాయమైనదిగా చేసిందని కోర్టు అంది. ఈ దావాకు గడువు సాధారణంగా రుణ సంబంధం ముగిసిన నాటి నుంచి ఆరేళ్లు. మీది 2010లో తీరింది, 2016తో ఆ లెక్క అయిపోయింది. కావాలని దాచిపెట్టిన సందర్భాల్లో, దాచిన సంగతి తెలుసుకోగలిగిన నాటి నుంచి ఆరేళ్లు లెక్కించవచ్చని 2023లో సుప్రీంకోర్టు మరో పీపీఐ కేసులో చెప్పింది. ఆ సందులోంచి దూరాలంటే, దేశమంతా మరబొమ్మ తల అరుస్తుంటే మీకు ఎందుకు తెలియలేదని ఎదుటి వకీలు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి. నన్నడిగితే ఆ దారి పట్టవద్దంటాను. తప్పదనుకుంటే అక్కడి సొలిసిటరును (వకీలును) స్వయంగా కలిసి, ఓడిపోతే ఖర్చులు ఎవరివో ముందుగా రాయించుకోండి. తమంతట తాము ఫోను చేసేవారెవరినీ నమ్మకండి.

*

“పర్సనల్ లోను 5 ఏళ్లకు తీసుకుని ఏడాదిన్నరలోనే పొలం అమ్మిన డబ్బుతో తీర్చేశాను. బీమా కింద 18,000 తీసుకున్నారు. మిగిలిన మూడున్నరేళ్ల బీమా డబ్బు ఇస్తారా? బ్రాంచిలో అడిగితే అలాంటిదేమీ లేదన్నారు.” — కరీంనగర్

ఉంటుంది. బ్రాంచివారికి తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. అప్పు ముందే తీరిపోయినప్పుడు మీకు రెండు దారులుంటాయి: బీమాను గడువుదాకా అలాగే ఉంచుకోవడం, లేదా సరెండర్ చేసి, అంటే గడువుకు ముందే వదులుకుని, మిగిలిన కాలానికి తగిన సొమ్ము తీసుకోవడం. సర్టిఫికెట్‌లో సరెండర్ అనే మాట వెతకండి, లెక్క అక్కడే ఉంటుంది. పద్దెనిమిది వేలలో ఎంత వస్తుందో నేను చెప్పలేను. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో తీరు, మిగిలిన నెలల నిష్పత్తి కంటే సాధారణంగా తక్కువే వస్తుంది. బ్యాంకుకు కాకుండా నేరుగా బీమా కంపెనీకి రాయండి. సర్టిఫికెట్ నంబరు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన పత్రం, కొట్టేసిన చెక్కు జతచేయండి. అప్పు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. కొత్త బ్యాంకువారు మళ్లీ కొత్త బీమా రాయిస్తారు, పాతది ఎవరికీ గుర్తుండదు.

*

“మా నాన్నగారు ఇంటి అప్పు తీసుకున్న నాలుగేళ్లకు గుండెపోటుతో పోయారు. అప్పుకు బీమా ఉందని తరువాత తెలిసింది. షుగరు ఉన్నట్టు దరఖాస్తులో రాయలేదని కంపెనీవారు క్లెయిము తిరస్కరించారు. బ్యాంకువారు నన్ను వాయిదాలు కట్టమంటున్నారు.” — విజయనగరం

బాబూ, ఆ తిరస్కరణ ఉత్తరాన్ని పట్టుకుని కూర్చోవద్దు. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం జీవిత బీమా మొదలై మూడేళ్లు దాటితే, దరఖాస్తులో తప్పు రాశారనో దాచారనో కారణం చూపి దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. 2015లో చట్టం మార్చినప్పటి నుంచి ఇదే లెక్క. నాన్నగారి సర్టిఫికెట్ మీద బీమా మొదలైన తేదీ చూడండి, మరణించిన తేదీ చూడండి. మధ్యలో బీమాను పునరుద్ధరించిన తేదీ ఏమీ లేకపోతే మూడేళ్లు దాటినట్టే. సెక్షను నంబరు రాసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి, నెల తరువాత అంబుడ్స్‌మన్‌కు. దరఖాస్తు నకలు కూడా అడగండి. ఆరోగ్యం ప్రశ్నల దగ్గర టిక్కులు మీ నాన్నగారి చేతితో పెట్టినవో, కంప్యూటరు పెట్టినవో చూడాలి. ఈలోగా బ్యాంకుకు, క్లెయిము వివాదంలో ఉందని ఒక ఉత్తరం రాసి ఉంచండి. వాయిదాలు పూర్తిగా ఆపితే మీ పేరు మీద మచ్చ పడే ప్రమాదం ఉంది కాబట్టి, మీరు సహ రుణగ్రహీత అయితే కట్టగలిగినంత కడుతూ పోరాడండి. ఆఖరికి మీవైపు తీర్పు వస్తే కట్టినవాటి లెక్క కూడా అడగవచ్చు.

*

“అయ్యా, ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చేశానని రాస్తుంటారు. మీ బ్రాంచిలో ఇలాంటివి అమ్మలేదా? నిజం చెప్పండి.” — హైదరాబాద్

అమ్మాను.

మార్చి నెల వస్తే సాయంత్రం ఆరింటికి ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫోను వచ్చేది. బ్రాంచీల మేనేజర్లందరూ ఒకే లైనులో. వరసగా పేరు పిలుస్తారు, ఆ రోజు ఎన్ని పాలసీలో చెప్పాలి. సున్నా అన్నవాడికి ఒక నిమిషం మౌనం. తిట్టరు, ఆ మౌనం వినిపిస్తారు. ఆ అంకెల కోసం నా సొరుగులో నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది.

ఒకరోజు విద్యుత్ శాఖ లైన్‌మన్ ఒకాయన వచ్చారు. చిన్నమ్మాయి పెళ్లికి పర్సనల్ లోను. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. కాగితాలన్నీ తిరగేసి, బీమా ఫారం దగ్గర ఆగి, “ఇది తీసుకోవలసిందేనా సార్?” అన్నారు. తప్పనిసరి అని నేననలేదు. అక్కరలేదనీ అనలేదు. “అందరూ తీసుకుంటున్నారండీ” అన్నాను. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తెలుగులో నెమ్మదిగా రాసి సంతకం చేశారు. 14,300 రూపాయలు. ఆ సాయంత్రం ఫోనులో నా వంతు వచ్చినప్పుడు నేను ‘మూడు’ అన్నాను.

పద్నాలుగు నెలల తరువాత రిటైర్‌మెంటు డబ్బుతో అప్పంతా ఒకేసారి తీర్చేశారు. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు అమ్మాయికి కొడుకు పుట్టాడని చెప్పి, టేబుల్ మీద పాలకోవా డబ్బా పెట్టారు. పైన కరీంనగర్ పాఠకుడికి రాసిన జవాబు అప్పటికే నాకు తెలుసు. సర్టిఫికెట్ ఇచ్చాను, చేతులు కలిపాను, బీమా మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ నెల నా లెక్కలో ఒకటి తగ్గేది. కోవా స్టాఫంతా తిన్నాం, మధ్యాహ్నానికే డబ్బా ఖాళీ అయింది.